సముద్రానికి ఇంగువ

ఒళ్ళో క్యారియర్ ఇంకా వేడిగానే ఉంది. పాత తువ్వాలు రెండు మడతలు వేసి చుట్టినా ఆ వేడి తొడలకు తెలుస్తూనే ఉంది, తెలుస్తున్నంతసేపూ ఫరవాలేదు అనుకున్నాడు మునీంద్ర, బస్సు కదలకపోయినా ఫరవాలేదు. కుందలహళ్ళి గేటు దగ్గర ఎక్కినప్పుడు పదకొండు కావడానికి పది నిమిషాలుంది, ఇప్పుడు పదకొండూ పది, మారతహళ్ళి వంతెన కనబడుతూనే ఉంది గాని దగ్గరికి రావడం లేదు. ఆస్పత్రిలో చూడనిచ్చేది పన్నెండున్నర దాకానే, అది తప్పితే మళ్ళీ సాయంత్రం అయిదింటికి, అయిదింటికి ఈ చారు చారుగా ఉండదు, అందులోని నాచు ఉబ్బి ఉబ్బి గిన్నెంతా తానే అయిపోతుంది, అది ఎంత ఉబ్బుతుందో ఈ బెంగళూరులో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ సంగతి గుర్తు రాగానే నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న టెక్ పార్కు మనిషి చెవుల్లో వైర్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు కాబట్టి ధైర్యంగానే నవ్వుకున్నాడు, వెంటనే ఆ నవ్వు సంగతి తనకే నచ్చలేదు, ఎందుకంటే మేడ మీద అద్దెకుండే అమ్మాయి, హేజిన్, కాన్పయి మూడు రోజులైంది, మూడు రోజులుగా తిండి ముట్టలేదు. ఆడపిల్ల. బిడ్డ బాగానే ఉంది, పిడికిళ్ళు బిగించుకుని లోకాన్ని బెదిరిస్తోంది. తల్లికే పాలు పడలేదు. ఆస్పత్రివాళ్ళిచ్చే రవ్వగంజి చూసి గోడవైపు తిరిగి ఏడుస్తోందట. వాళ్ళమ్మ కొరియా నుంచి కాన్పు వేళకు రావలసింది, బిడ్డ మూడు వారాలు ముందుకొచ్చింది, వీసా మాత్రం ముందుకు రాలేదు.

నిన్న సాయంత్రం హేజిన్ మొగుడు జున్‌హో కిందికి వచ్చాడు. గడప అవతలే చెప్పులు విప్పి, రెండు చేతుల మీదా ఒక కట్టను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు. నాలుగడుగుల పొడుగు, నల్లగా, గడ్డితాడుతో మూడు చోట్ల కట్టి ఉంది. ఎండబెట్టిన సముద్రపు నాచు. కాన్పయిన ఆడమనిషికి వాళ్ళ దేశంలో మొదట పెట్టేది ఇదే, దీంతో చేసిన చారే, పూటపూటా, వారాల తరబడి, మనవాళ్ళు బాలింతరాలికి వెల్లుల్లి కారం పెట్టినట్టు. హేజిన్ వాళ్ళమ్మ ముందుగానే ఎవరి చేతనో పంపించింది. రెండు నెలల కింద గీజరు చూడటానికి మేడ మీదికి వెళ్ళినప్పుడు, ఫ్రిజ్ మీద అడ్డంగా పడుకుని ఉన్న ఆ కట్టను చూసి మునీంద్ర దాని కొరియా పేరుతో "మియోక్" అన్నాడు, హేజిన్ చేతిలోని కప్పు కింద పెట్టేసి అతనివంక అలాగే చూసింది, తెల్లజుట్టు ఇంటి ఓనరు నోట తన ఊరి మాట. ఆ అమ్మాయి ముఖం వెలగడం చూసిన సంబరంలో, నేను తిన్నాను, ఎలా చేస్తారో కూడా నాకు తెలుసు అనేశాడు. తిన్నది నిజం, ఒకే ఒక్కసారి, పదకొండేళ్ళ కింద. చెయ్యడం తెలుసన్నది సంబరం. "అంకుల్, మీకు చెయ్యడం తెలుసని హేజిన్ అంటోంది" అన్నాడు జున్‌హో ఇంగ్లీషులో, కళ్ళ కింద నల్లటి చారలతో. ఎదుటిమనిషి రెండు చేతులా ఇస్తుంటే తెలియదని ఎలా అంటాం. మునీంద్ర కూడా రెండు చేతులా తీసుకున్నాడు.

బస్సు ఒక బారెడు కదిలి మళ్ళీ ఆగింది. ముందు సీటు ఆడవాళ్ళది, అందులో కనకాంబరాల బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావిడ ఇందాకటి నుంచి ముక్కు ఎగబీలుస్తూ ఉంది. కండక్టరు ఆమెను గౌరమ్మా అని పిలిచి టికెట్ ఇచ్చాడు, రోజూ ఎక్కే మనిషిలా ఉంది. ఇప్పుడు మొత్తంగా వెనక్కి తిరిగింది.

"ఏమప్పా అది, వాసన కొత్తగా ఉండాదే. చేపలా?"

"కాదమ్మా, సముద్రం నాచు. చారు."

"నాచు ఎవురన్నా తింటారా? ఎవురికి?"

"బాలింతరాలికి. మా ఇంట్లో ఉండే పిల్ల. దేశం కాని దేశం పిల్ల."

"అట్లయితే కిందికి దించద్దు, ఒళ్ళోనే పెట్టుకో" అంది గౌరమ్మ. మళ్ళీ ఒకసారి గాలి పీల్చి, మెచ్చుకోలుగా, "ఇంగువ బాగా ఏసినావులే. మంచిదే, బాలింతకు గాలి జేరకుండా ఉంటాది" అని తన బుట్ట వైపు తిరిగిపోయింది.

ఇంగువ. ఇంగువ ఎక్కడ వేశాను, వెయ్యలేదే, నువ్వులు దోరగా వేయించి దంచి నూనెలో కలిపాను, వాళ్ళ నూనెకు ఆ వేపుడు వాసన ఉంటుంది, మన నూనెకు ఉండదు, అందుకని. వెల్లుల్లి చితక్కొట్టి వేశాను. నానిన నాచు వేసి కలియబెట్టాను. నీళ్ళు. జున్‌హో ఇచ్చిన సీసాలోంచి నల్లటి సోయా రసం మూడు చెంచాలు. అంతే కదా. అంతేనా. చేతులు కడుక్కోవడానికి తిరిగినప్పుడు గట్టు మీద పసుపు రంగు ఇంగువ డబ్బా ఉంది, దాని మూత పక్కన ఉంది. మూత పక్కన ఎందుకుంది. మూత దానంతట అది రాదు. ఒకరోజు వాడి మరుసటి రోజు దాకా మూత పెట్టకుండా ఉంచే అలవాటు అతనికి లేదు, ఉండనిచ్చే మనిషి కాదు భార్య పుష్పావతి, పోయి నాలుగేళ్ళయినా ఆ విషయంలో ఆమె మాటే చెల్లుతోంది. చివరి ఎనిమిది నెలలూ నిలబడలేక వంటింటి గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చుని అతనికి వంట నేర్పింది. "ఉప్పు చూసినావా?" చూసినా. "చింతపండు పిప్పి పారేసినావా?" పారేసినా. "ఇంగువ?" అతని చూపు డబ్బా వైపు పోయేది. "మరచినావు. ఇంగువ లేని చారూ వేన్నీళ్ళూ ఒకటేనప్పా, స్నానం చేసేది నయం." ఆఖరి వారాల్లో గొంతు కూడా పోయింది, అప్పుడు కుర్చీలోంచి చెయ్యి ఎత్తి బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించేది, చిటికెడు అని. ఎన్ని వందలసార్లు చూపించిందో, ఇప్పుడు చెయ్యి అతన్ని అడగదు, పొయ్యి మీద ఏది మరిగినా తనంతట తాను డబ్బా దగ్గరికి వెళ్ళి వస్తుంది. ఇంగువ కట్టిన గుడ్డకు వాసన పోదంటారు, అలాంటి గుడ్డే అయ్యాడు తను.

రుచి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. చూడలేదు. బాలింతకు పెట్టేది ముందు వేరేవాళ్ళ నాలిక మీద పడకూడదని పుష్పావతి నియమం, కూతురు శైలజ కాన్పప్పుడు నెలరోజులు ఒక్క గరిటె నోట పెట్టకుండా వండింది. ఇప్పుడేం చేయడం, దిగి ఇంటికి వెళ్ళి మళ్ళీ చేసుకొస్తే పన్నెండున్నర దాటుతుంది. ఆ పిల్లకు కావలసింది ఆకలి తీరడం కాదు, వాళ్ళమ్మ చెయ్యి. మూత తీసేసరికి పరాయి వాసన గుప్పున కొడితే మళ్ళీ గోడవైపు తిరుగుతుంది, పాలు పడాలంటే తల్లి తినాలి, తినాలంటే మనసుకు పట్టాలి. ముసలివాడా, నీకు తెలుసని ఎవరు చెప్పమన్నారు.

మనసుకు దారి దొరకనప్పుడు ఏదో ఒక మంచిరోజులోకి పారిపోతుంది. అతని మంచిరోజు తొంభై ఆరు అక్టోబరులో ఒక ఆదివారం. కె.ఆర్.పురం దాటాక ఉండే బట్టల మిల్లు కొత్త మగ్గాలు తెప్పించింది కొరియా నుంచి, డేగు అనే ఊరి నుంచి, వాటిని నడపడం నేర్చుకు రమ్మని ముగ్గురిని పంపింది, మునీంద్రను, వెంకటగిరియప్పను, రామాంజినప్పను. అయిదు నెలలు. ముగ్గురికీ ఒకే గది, నేలే వెచ్చగా ఉండే గది, మంచాలు లేవు, మొదటి రాత్రి వెంకటగిరియప్ప కింద ఎవరో పొయ్యి ఆర్పడం మరచిపోయారని లేచి వెతికాడు. వారమంతా మగ్గాలు, ఆదివారం అంగడి. ఆ ఊరి పెద్దంగడి ఒక ఊరంత ఉంటుంది, బట్టల సందులు, దుప్పట్ల సందులు, గిన్నెల సందులు, పైన రేకులు, కింద పొగ, పెద్ద పెద్ద బేసిన్లలో సేమియాలాంటిది మరుగుతూ, ఆడవాళ్ళు పళ్ళేలు ఒకదాని మీద ఒకటి అయిదంతస్తులు నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి జనంలో పరుగెత్తుతూ. ఒక సందు నిండా ఎర్రటి మిరపపొడి, గుట్టలు గుట్టలు, అందులో అడుగు పెట్టగానే ముగ్గురూ ఒకేసారి తుమ్మారు, రామాంజినప్ప కళ్ళు తుడుచుకుంటూ, "ఇంట్లో ఉన్నట్టుండాది" అన్నాడు. రామాంజినప్పది శిడ్లఘట్ట, తాతల నుంచి పట్టుపురుగులు పెంచే ఇల్లు. తరువాతి మలుపులో ఒకావిడ పెద్ద బాండీలో గోధుమరంగు గింజల్లాంటివి ఉడకబెట్టి కాగితం గ్లాసుల్లో పోసి ఇస్తోంది, జనం పుల్లతో గుచ్చుకుని తింటున్నారు. రామాంజినప్ప దగ్గరికి వెళ్ళి వంగి చూసి కొయ్యబారిపోయాడు. పట్టుకాయల్లోంచి దారం తీశాక మిగిలే పురుగులు. "మా ఊర్లో ఈ వాసన తాళలేక పెండ్లి సంబంధాలు తప్పిపోతాయప్పా. వీళ్ళు దుడ్డిచ్చి తింటా ఉండారు" అన్నాడు, అని ఏమనుకున్నాడో ఒక గ్లాసు కొన్నాడు. ఒకటి నోట్లో వేసుకుని చాలాసేపు నమిలాడు. ఇద్దరూ అతని ముఖమే చూస్తున్నారు. "ఇన్నేండ్లు వీటిని పెంచినా గాని" అన్నాడు చివరికి, "పలకరించినట్టు ఇప్పుడే ఉండాది." ఆ మాటకు వెంకటగిరియప్ప నవ్వి నవ్వి ఒక దుప్పట్ల గుట్ట మీద కూలబడ్డాడు, దుప్పట్లాయన కూడా ఏం జరిగిందో తెలియకుండానే నవ్వాడు.

బస్సు వంతెన కిందికి వచ్చింది. నీడ పడింది, నీడలో చల్లగా ఉంది, వేడి ఇంకా ఉంది క్యారియర్‌లో. ఆ రోజు అతనికి అంత సంతోషం ఎందుకంటే పొద్దున్నే కార్డు పెట్టే ఫోనులోంచి ఇంటికి మాట్లాడాడు. కార్డులో యూనిట్లు గబగబా తరిగిపోతుంటే పుష్పావతి గొంతు సముద్రాల అవతల నుంచి, "శైలజకు కాన్పయింది, ఆడపిల్ల, నీ ముక్కే, ఏం చేస్తాము" అంది, లైను తెగిపోయింది. నీ ముక్కే, ఏం చేస్తాము. ఆ మాట జేబులో పెట్టుకున్నట్టు పెట్టుకుని అంగడంతా తిరిగాడు. ఎండుచేపల సందులో ఒక ముసలామె కొట్టు, ఉంగరాల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, దూది కుట్టిన చేతుల్లేని కోటు తొడుక్కుని, ఆమె వెనక దండెం మీద పొడుగ్గా నల్లగా వేలాడుతున్న కట్టలు. తలంటుకుని పుష్పావతి పెరట్లో జుట్టు ఆరబోసుకున్నట్టుంది, అందుకే ఆగాడు. ఇదేమిటని వేలు చూపించాడు. ముసలామె చేతులు ఉయ్యాలలా ఊపి, రొమ్ము మీద చెయ్యి పెట్టి, గిన్నె ఎత్తి తాగినట్టు చూపించింది. బిడ్డ, పాలు, చారు. మునీంద్రకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది, తను కూడా చేతులు ఉయ్యాలలా ఊపి తన గుండె మీద వేలితో పొడుచుకున్నాడు, మాకు పుట్టింది, మాకు, అని. ముసలామె అతని మీసాల నుంచి పొట్ట దాకా చూసి పక్క కొట్టావిడతో ఏదో అంది, సందు మొత్తం ఘొల్లుమంది. కాదు కాదు, కూతురికి, అని ఎలా చూపించడం. చివరికి వెంకటగిరియప్ప చొక్కా లోపల మఫ్లరు కుక్కుకుని, నడుం పట్టుకుని నాలుగడుగులు నడిచి చూపిస్తే, రామాంజినప్ప మునీంద్రను వేలితో చూపించి వంగి కర్ర పట్టుకున్నట్టు తాతలా నడిస్తే, అప్పటికి తెలిసింది. "హల్మొనీ" అని వాళ్ళు పిలిచే ఆ ముసలామె, ఆ దేశంలో అవ్వను అలాగే పిలుస్తారు, నోరంతా తెరిచి నవ్వి, దండెం మీది కట్టలన్నిట్లోకీ పొడుగైనది ఏరి దించింది.

అక్కడే జరిగింది తప్పు. కె.ఆర్. మార్కెట్లో ముప్పై ఏళ్ళు కొత్తిమీర దగ్గర కూడా బేరమాడి కొన్న ప్రాణాలు. వెంకటగిరియప్ప జేబులోంచి క్యాలిక్యులేటర్ తీశాడు, ఆ ఊళ్ళో అందరూ దాని మీదే బేరాలాడతారు, వాళ్ళొక అంకె నొక్కుతారు, మనమొకటి నొక్కుతాం, నవ్వుతారు, మళ్ళీ నొక్కుతారు, పొద్దున్నుంచి నాలుగు దుకాణాల్లో అలాగే నవ్వుతూ కొన్నారు. ముసలామె చెప్పినదాంట్లో సగం నొక్కి చూపించాడు. ఆమె ముఖంలో దీపం ఆర్పినట్టయింది. మరీ తక్కువ చెప్పామేమోనని కాస్త పెంచి నొక్కాడు. ఆమె ఆ యంత్రాన్ని చేత్తో నెట్టేసింది. ఇంకా పెంచాడు, ఆమెకు కోపం ఇంకా పెరిగింది, కట్ట తీసుకుని గుండెకు హత్తుకుంది. పక్కన ఎండుచేపలు ఏరుకుంటున్న కళ్ళద్దాలాయన ఇంగ్లీషు ముక్కలు ఒక్కొక్కటే వెతుక్కుని చెప్పాడు. ఇది బాలింత కోసం. దీనికి బేరం లేదు. ధర తగ్గిస్తే బిడ్డ ఆయుష్షు తగ్గించినట్టు. వెంకటగిరియప్ప మెల్లగా క్యాలిక్యులేటర్ మూసి జేబులో పెట్టుకున్నాడు, అతనంత మెల్లగా ఏ పనీ చేయడం మునీంద్ర అంతకుముందు చూడలేదు. "చెప్పకూడదా తల్లీ, పిల్లకు నూరేండ్లలో సగం కోసేస్తా ఉంటిని" అన్నాడు, అచ్చ తెలుగులో, చేతులు జోడించి. ఆమెకు తెలుగు రాదు. అయినా అర్థమయింది. అడిగినంతా ఇచ్చి, మునీంద్ర ఆ కట్టను సంచీలో పట్టేలా మధ్యకు వంచబోయాడు, చురుక్కుమని మణికట్టు మీద ఒక్కటి వేసింది. విరవకూడదు కూడా. ఎక్కడా మడవకూడదు, విరిస్తే అంతా అడ్డం తిరుగుతుందని కళ్ళద్దాలాయన చెప్పాడు. అప్పటికి ముగ్గురూ బడిపిల్లల్లా నిలబడి ఉన్నారు. ముసలామెకు జాలేసినట్టుంది, చెక్కపెట్టెలు మూడు లాగి కూర్చోమంది, వెనక పొయ్యి మీద తన మధ్యాహ్నానికి పెట్టుకున్న గిన్నె దించి ముగ్గురికీ పోసింది. అదే ఈ చారు. ఆకుపచ్చగా, నూనె చుక్కలు తేలుతూ. వెంకటగిరియప్ప శాకాహారి, ఇందులో ఏముందని సైగ చేస్తే నాచు చూపించింది, వెల్లుల్లి చూపించింది, నూనె సీసా చూపించింది, నల్లరసం చూపించింది, ఇంకేమైనా ఉందా అని అతను అడగలేదు, అడిగితే చెబుతుందని అడగలేదు. చెంచాతో తాగుతుంటే కాదని, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగాలని చూపించింది. బయట అప్పుడే చలి మొదలవుతున్న గాలి, లోపల గొంతులోంచి దిగుతున్న ఆ వేడి. నాకు మనవరాలు పుట్టిందని ఈ సందులో అందరికీ తెలుసు అనుకున్నాడు, ఊరు కాని ఊళ్ళో తన ఇంటి సంగతి ఇంతమందికి తెలియడం ఎంత బాగుందో.

"హెచ్.ఏ.ఎల్, ఎయిర్‌పోర్ట్, యారు ఇళీతీరా" అని, దిగేవాళ్ళెవరని అడిగాడు కండక్టరు. పదకొండూ యాభై అయింది. విమానాశ్రయం గేటు కిటికీలోంచి కనబడింది. ఈ గేటులోంచే బయటికి వచ్చాడు ఆ నవంబరులో, నాలుగడుగుల కట్టను భుజానికి తుపాకిలా ఆనించుకుని. మూడు విమానాలు మారినా ఎక్కడా వంచలేదు, కస్టమ్స్ ఆఫీసరు ఇదేమిటంటే నాచు అన్నాడు, ఎందుకంటే మనవరాలికి అన్నాడు, ఆఫీసరు ఇంకేమీ అడక్కుండా పొమ్మన్నాడు. పుష్పావతి ఇక్కడే, ఈ గేటు పక్కనే నిలబడి, కట్టను చూసి, "అయిదు నెలలు దేశం తిరిగి పిల్లకు పాచి తెచ్చినాడు" అంది. ఇంటికి వెళ్ళాక మాత్రం, విరవకూడదని అతను చెబితే నవ్వలేదు. "వాళ్ళు విరవద్దంటే విరవద్దులే, పసిబిడ్డ ఉండే ఇల్లు" అని, అంత పొడుగు గిన్నె లేక, పెరట్లో బట్టలు ఉతికే రాతితొట్టి కడిగి అందులో నీళ్ళు పోసి కట్ట మొత్తం పడుకోబెట్టింది. మొత్తం. గంట తరువాత పెరట్లోంచి కేక. తొట్టి నిండిపోయి, అంచులు దాటి, నాచు నేల మీదికి పాకుతోంది. బకెట్లు తెచ్చింది, నిండాయి. గుండిగ తెచ్చింది, నిండింది. ఇంకా ఉంది. చీర ఎగగట్టి రెండు చేతులా ఎత్తి పోస్తూ, ఎత్తి పోస్తూ, నవ్వు ఆపుకోలేక తొట్టి పక్కనే తడినేల మీద కూర్చుండిపోయింది, నవ్వుకు కళ్ళలో నీళ్ళు. శైలజ ఒక చుక్క నాలిక మీద వేసుకుని వద్దంది. పుష్పావతి మాత్రం ఒక గిన్నెడు తాగింది, ముఖం చిట్లించకుండా, చివరి దాకా. "సముద్రంలో మునిగి లేచినట్టుండాది" అని మెచ్చుకుని, "ఇంత ఇంగువ పడింటే బాగుండు" అంది.

మునీంద్ర కిటికీలోంచి ముఖం ఇటు తిప్పాడు. ఆ మాట ఇన్నేళ్ళూ ఎక్కడుంది, ఇంతవరకూ గుర్తు రాలేదే. జేబులో సెల్లు మోగింది.

"చేరినావా అప్పా?" వెంకటగిరియప్ప, కె.ఆర్.పురంలో తన వరండాలోంచి. రాత్రి ఫోన్ చేసి వెల్లుల్లి సంగతి ఖాయం చేసుకున్నది అతనితోనే.

"దారిలో ఉండా. వెంకటగిరీ, చెయ్యి జారి ఇంగువ పడిపోయింది."

అవతల వగరుస్తున్నట్టు నవ్వు. "సముద్రానికే ఇంగువ పెట్టినావా. కానీలే, పుష్పావతమ్మ ఉండుంటే రెండు చిటికెలు ఏసుండును. మన ఫుల్ రేటు పాప ఎట్లుండాది?"

ఫుల్ రేటు పాప అంటే వనజ, శైలజ కూతురు. ఆ రోజు పైసా తగ్గకుండా కొన్న నాచు తాలూకు మనవరాలు, పదకొండేళ్ళది, స్కూల్లో పరుగుపందెంలో ఎవరినీ ముందుకు పోనివ్వదు, ముక్కు మాత్రం ఎవరిదో చెప్పనక్కర్లేదు. పండగలకు వచ్చినప్పుడల్లా వెంకటగిరియప్ప దాన్ని నిలబెట్టి పొడుగు చూసి, ఎక్కడా కోత పడలేదు అని తృప్తిపడతాడు.

పన్నెండూ పదిహేను. ఆస్పత్రి బోర్డు కనబడింది, స్టాపు మాత్రం ఇంకా రెండు ఫర్లాంగులు అవతల. గౌరమ్మ లేవకుండానే కండక్టరును కన్నడంలో కేకేసింది, బాలింత భోజనం ఉంది, ఇక్కడే ఆపు అని. బస్సు ఆగింది. దిగబోతుంటే తువ్వాలు మీద ఒక మూరెడు కనకాంబరాలు పడేసింది. "వాసన లేని పూలేలే అప్పా, బాలింత పెట్టుకోవచ్చు. దుడ్డు తీయద్దు." తీయబోయిన చెయ్యి జేబులోనే ఆగిపోయింది.

రెండో అంతస్తు, చివరి గది. జున్‌హో లేచి నిలబడి తల వంచాడు. హేజిన్ దిండుకు ఆనుకుని ఉంది, ముఖం పాలిపోయి, జుట్టు ఒక పక్కకు. బిడ్డ నిద్రపోతోంది, పిడికిళ్ళు సడలించి. మునీంద్ర క్యారియర్ విప్పాడు. ఆవిరి లేచింది, ఇంకా ఆవిరి లేచింది, దేవుడి దయ. దాంతోపాటు ఇంగువ కూడా లేచింది, గది నాలుగు మూలలకూ. హేజిన్ ముక్కు కదిలింది. గిన్నెలోకి చూసింది, ఆకుపచ్చ నాచు, తేలుతున్న నూనె చుక్కలు. చెంచాతో ఒక గుక్క తీసుకుని ఆగిపోయింది.

"అంకుల్, ఇందులో ఏముంది?"

"ఇంగువ" అన్నాడు. ఆ మాటకు ఇంగ్లీషు గుర్తు రాలేదు. "నా భార్య... ప్రతిదాంట్లో వేసేది. అలవాటు మీద చెయ్యి వేసేసింది. తప్పయింది."

"ఇంగువ" అని ఆ అమ్మాయి నెమ్మదిగా పలికి చూసింది. "మా అమ్మ చారులో ఇది ఉండదు."

ఉండదమ్మా, నాకు తెలుసు. మునీంద్ర నేలవైపు చూస్తూ నిలబడ్డాడు, మొజాయిక్ నేల, నల్లచుక్కలు, తెల్లచుక్కలు, కనకాంబరాలు ఇంకా చేతిలోనే ఉన్నాయి. చెంచా పళ్ళెంలో పెట్టిన చప్పుడు వినిపించింది. ఇంక గోడవైపు తిరుగుతుంది అనుకున్నాడు. ఎంతసేపటికీ మంచం కిర్రుమనలేదు. తలెత్తి చూస్తే, హేజిన్ గిన్నెను రెండు చేతులా ఎత్తి పట్టుకుని తాగుతోంది, డేగు అంగట్లో ముసలామె చూపించినట్టే, ముఖమంతా గిన్నెలో దాగిపోయి, గొంతు మాత్రం కదులుతూ. దించి ఊపిరి పీల్చుకుంది. బుగ్గల మీదికి రంగు వచ్చింది. వేళ్ళతో అడుగున మిగిలిన నాచు కూడా తీసి తిని, ఖాళీ గిన్నె అతని వైపు చాపింది. మునీంద్ర గబగబా రెండో గిన్నె విప్పాడు, నూనె చుక్క ఒకటి తువ్వాలు మీద పడింది.

అది సగంలో ఉండగా ఫోన్ మోగింది. వాళ్ళమ్మ. హేజిన్ మాట్లాడింది, ఏడుస్తూ కొంత, నవ్వుతూ కొంత, మధ్యలో మియోక్ అన్న మాట అతనికి తెలిసింది, ఇంగువ అన్న మాట కూడా. తరువాత ఫోన్ అతని చేతిలో పెట్టింది. అవతల ఒక ఆడగొంతు, తన ఈడుదే అయివుంటుంది, ఆగకుండా, వేడిగా, ఏదో అడుగుతోంది. ఏమడుగుతుంది, ఏ తల్లయినా ఏమడుగుతుంది. మునీంద్ర ఫోను రెండు చేతులా పట్టుకున్నాడు.

"తాగిందమ్మా" అన్నాడు తెలుగులోనే. "మొత్తం తాగింది. నువ్వు పంపినదాన్ని ఎక్కడా విరవలేదు. ఒక్క పాయే తీసి, పొడుగు తొట్టిలో నానబెట్టి, మెత్తబడినాక చేత్తోనే చీల్చినా. కత్తి తగల్లేదు." అవతల గొంతు మళ్ళీ ఏదో అంది, ఈసారి మెత్తగా. "అవునమ్మా" అన్నాడు. "నువ్వు వచ్చేదాకా రోజూ తెస్తా. రేపటి నుంచి ఇంగువ లేకుండా తెస్తా."

మంచం మీద హేజిన్ తలెత్తింది. అంత తెలుగులో ఆ ఒక్క మాటే ఆమెకు తెలుసు. తల అడ్డంగా ఊపి, గిన్నె ఒళ్ళో పెట్టుకుని, కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది.